లెక్కలో లేని దారం: గోదావరి డెల్టాలో ఎనిమిది రోజులు

ఇంటికి చేరి మూడు రోజులయింది. సంచీలోంచి తీసిన నూలు చిలపలను (దారపు చుట్టలను) బాల్కనీలో ఆరవేశాను గాని, వాటికి పట్టిన ఆవపిండి ఘాటు ఇంకా పూర్తిగా వదలలేదు. మరిచిపోకముందే రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను.

నేను పన్నెండేళ్లుగా రెండు సూదులతో ఉన్ని అల్లుతున్నాను. విశాఖలో మార్చి దాటితే చేతి చెమటకు ఉన్ని సూది మీద జారదు, కుట్టు బిగుసుకుపోతుంది. అందుకని వేసవి నాలుగు నెలలూ సూదులు పక్కన పెట్టి, కొక్కెం సూదితో (క్రోషే) నూలు దారం అల్లుకుంటాను. ఈసారి మా అమ్మాయి సెలవులను పాలకొల్లులో పిన్ని దగ్గర కొన్నాళ్లు, అంబాజీపేటలో అమ్మ దగ్గర కొన్నాళ్లు గడిపి, వచ్చేటప్పుడు ఏడాదికి సరిపడా దారం కొని తెచ్చుకోవాలని అనుకున్నాను. పాలకొల్లుకు పక్కనే నరసాపురం. లేసుకు పేరుపడ్డ ఊళ్లో దారానికి కరవేముంటుందన్నది నా ధీమా.

మే 8, పాలకొల్లు

దాళ్వా (రెండో పంట వరి) కోతలయిపోయి చేలు బోసిగా ఉన్నాయి. మరమ్మతుల కోసం కాలువలు కట్టేయడంతో పిన్ని ఇంటి వెనక కాలువ అడుగు నెర్రెలు విచ్చి ఉంది, అందులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. కాలువంటే నిండుగా పారే నీరే అనుకునే మా అమ్మాయి, ఆ గట్టు మీద నిలబడి చాలాసేపు కిందికి చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం పిన్ని దిబ్బరొట్టె వేసింది. మినపపిండిలో బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుట్లో నూనె పోసి, పిండి మూడు వేళ్ల మందాన పరిచి, మూతపెట్టి సన్నని సెగ మీద అరగంట పైగా వదిలేయాలి. తొందరపడి మూత తీస్తే పైన పచ్చి మిగులుతుంది. అడుగున ఎర్రగా కరకరలాడే పొర, పైన మెత్తని గుజ్జు, దాని మీద చెరకు పానకం. రాత్రి భోజనం సంగతి ఎవరూ ఎత్తలేదు.

పొద్దువాలాక క్షీరారామం వెళ్లాం. పంచారామాల్లో ఒకటైన ఈ గుడి రాజగోపురం తొమ్మిది అంతస్తులది, నూట ఇరవై అడుగుల ఎత్తు. ఊళ్లో ఏ సందులోంచి తలెత్తినా కనిపిస్తుంది కనుక, పిన్ని దారి చెప్పేటప్పుడు కుడి ఎడమలు చెప్పదు. గోపురాన్ని వీపు వెనక పెట్టుకో, ముఖానికి ఎదురుగా పెట్టుకో అంటుంది.

మే 9, నరసాపురం

పొద్దున్నే బజారుకు వెళ్లి మొదటి కొట్లో లేసు దారం కావాలన్నాను. ఆయన ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, చీర అంచులకు కుట్టే జరీ లేసులు నలభై రకాలు ముందు పరిచారు. అది కాదండి, లేసు అల్లే దారం అన్నాను. "ఆయ్, అదా అండి. అది కొట్లో ఉండదండి," అన్నారు. రెండో కొట్లోనూ అదే మాట. మూడో చోట ఎంబ్రాయిడరీ దారం చిన్న ఉండలు ఉన్నాయి, ఒక్కొక్కటి 25 రూపాయలు. తెల్లవి ఆరు కొన్నాను. అవి ఒక బల్లగుడ్డ మూలకైనా చాలవు.

పదకొండు గంటల ఎండలో నాలుగో కొట్టు మెట్ల మీద నిలబడి ఉండగా, లోపల చిట్టా రాసుకుంటున్న పెద్దాయన ఒకరు పిలిచి మంచినీళ్లిచ్చి, అసలు సంగతి చెప్పారు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో వేలమంది ఆడవాళ్లు లేసు అల్లుతారు గాని, దారం కొని అల్లేవాళ్లు అరుదు. ఎగుమతి చేసే వ్యాపారి దారం తెప్పించి ఏజెంటుకు ఇస్తాడు, ఏజెంటు ఇంటింటికీ తూచి ఇస్తాడు, పని అయ్యాక మళ్లీ తూచి తీసుకుంటాడు. కొనేవాళ్లు లేనప్పుడు కొట్లో ఎందుకు పెడతారు? ఇన్నేళ్లుగా దారం కొనుక్కోవడమే అల్లికలో సగం సంబరంగా బతికిన నాకు, ఆ మాట లోపలికి దిగడానికి కొంత సేపు పట్టింది.

మధ్యాహ్నం రేవు దగ్గర చెట్టు కింద ముంజలు తిన్నాం. డజను 60 రూపాయలు. ముంజలు కొట్టే అతను మా అమ్మాయికి బొటనవేలితో ముంజె ఎలా తీయాలో నేర్పాడు. గౌను నిండా నీళ్లు చిందాయి.

మే 10, సీతారామపురం వైపు

ఆ పెద్దాయన చెప్పిన గుర్తుల ప్రకారం ఆటోలో బయలుదేరాం. సీతారామపురంలో ప్రభుత్వం కట్టించిన లేసు పార్కు దాటి, ఇంకా లోపలికి, కొబ్బరిచెట్ల మధ్య ఒక పెంకుటిల్లు. అరుగు మీద ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని అల్లుతున్నారు. చెప్పులు విడిచి, ఎవరి తాలూకు మనుషులమో చెప్పుకున్నాక చాప వేశారు. కుశల ప్రశ్నలు, ఏ ఊరు, పుట్టిల్లెక్కడ, అమ్మాయి ఏం చదువుతోంది, ఇవన్నీ అయ్యేదాకా అల్లిక మాట ఎత్తకూడదని నాకు తెలుసు. నిమ్మకాయ నీళ్లు వచ్చాక సంచీలోంచి నా అల్లిక తీశాను.

అరవై దాటిన ఆవిడ ఒకరు నా పనిని చేతిలోకి తీసుకుని, ముందు వెనకవైపు తిప్పి చూశారు. తర్వాత, "బాగానే ఉందండి. దారాన్ని మాత్రం భయపెడుతున్నారు," అన్నారు. అంటే బిగువు ఎక్కువైందని. ఉన్ని చేతితో నూలు పడితే వచ్చే దోషం అదేనని నాకూ అర్థమైంది. రెండు సూదుల అల్లికలో వరుసలోని కుట్లన్నీ సూది మీదే ప్రాణంతో ఉంటాయి, ఒక్కటి జారితే కిందిదాకా నిచ్చెనలా విడిపోతుంది. ఆ భయానికి వేళ్లు బిగించే అలవాటు పడుతుంది. కొక్కెం అల్లికలో ప్రాణమున్న కుట్టు ఎప్పుడూ ఒక్కటే. చేయి వదులుగా ఉండొచ్చు.

ఆవిడ ఎడమచేతి చూపుడువేలి మీద, పై గణుపుకు కొంచెం కింద, ఒక సన్నని గాడి ఉంది. యాభై ఏళ్లుగా దారం నడిచిన దారి అది. కొత్త దారం వేసుకున్నప్పుడు ఆవిడ చూడనవసరం లేదు, దారం తనంత తాను వెళ్లి ఆ గాడిలో కూర్చుంటుంది. సూది పిడికి పాతచీర పేలిక చుట్టి ఉంది, అది చెమటకు నల్లబడి అచ్చం ఆవిడ పిడికిలి ఆకారానికి వచ్చింది. కళ్లు వీధిలో వెళ్లే మేకల మీద, మాట మాతో, చేతిలో మాత్రం గొలుసు, దాని మీద రేకు, రేకు మీద రేకు. నేను గడియారం చూశాను. నాలుగంగుళాల పువ్వు ముప్పావుగంటలో అయిపోయింది.

పనిలోనూ వాటాలున్నాయి. పువ్వులు అల్లడం చేతిపని, ఆ పువ్వులను కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేయడం అతుకుపని. చేతిపని చేసేవాళ్లకు అది చివరికి ఏమవుతుందో తెలియనక్కరలేదు. రోజంతా కూర్చుంటే ఎంత వస్తుందని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే చెప్పారు, నూట యాభై దాటదని, అది కూడా వంటా వార్పూ చూసుకోగా మిగిలిన పొద్దంతా కూర్చుంటేనేనని. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ విద్య, గడప దాటకుండా చేసుకోగల పని కావడంతో అన్ని రకాల ఇళ్లకూ పాకింది. ఎన్నో దేశాలకు వెళ్తుంది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. ఆ సంగతి ఆవిడకు తెలుసు, టీవీలో చూశారట.

మీ ఇంట్లో వాడుకోవడానికి ఏమైనా అల్లుకున్నారా అని అడిగాను. "తెల్ల దారం లెక్కదండి. మాకెక్కడిదండి," అని, కాసేపాగి మనవరాలిని పిలిచి మంచినీళ్ల బిందె మీది మూత గుడ్డ తెమ్మన్నారు. పళ్లెమంత గుండ్రని లేసు అది. పైనుంచి చూస్తే మంచులా ఉంది. తిరగేస్తే అంతటా ముడులు, జొన్నగింజల్లా వందల ముడులు. పువ్వు ముగించాక కత్తిరించిన కొసల్లో జానెడుకంటె చిన్న ముక్కలకు లెక్క లేదట. ఆ ముక్కలను ఒక పౌడరు డబ్బాలో దాచి, ఒకదానికొకటి ముడివేసి, నాలుగేళ్లు దాచిన దారంతో అల్లుకున్నది ఆ ఒక్క గుడ్డ. ముడులన్నీ ఒకేవైపు పడేలా అల్లడం ఎంత కష్టమో అల్లేవాళ్లకు తెలుస్తుంది. నేను దాన్ని చాలాసేపు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాను. మా అమ్మాయి డబ్బా మూత తీసి చూసి, మళ్లీ జాగ్రత్తగా పెట్టింది.

డబ్బిస్తే తీసుకోలేదు. పిన్ని కట్టి ఇచ్చిన సున్నుండల పొట్లం ఇస్తే, ఖాళీ చేతులతో పంపకూడదని నాలుగు కొబ్బరికాయలు ఆటోలో పెట్టించారు.

మే 11, రేవు దాటి అంతర్వేది

మాధవాయిపాలెం రేవు నుంచి సఖినేటిపల్లికి పంటు (బల్లకట్టు) మీద వశిష్ఠ గోదావరి దాటాం. పంటు మీద మోటారు సైకిళ్లు, ఒక ట్రాక్టరు, చేపల బుట్టలు, పెళ్లివారి అరటిగెలలు. ఎక్కేటప్పుడు అందరూ ఒకరినొకరు తోసుకున్నారు గాని, ఒక ముసలమ్మ రాగానే చెప్పకుండానే దారి ఇచ్చి బల్ల మీద కూర్చోబెట్టారు. నది మధ్యకు వచ్చేసరికి గాలి చల్లబడింది.

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, అన్నాచెల్లెళ్ల గట్టు చూద్దామని నడక మొదలుపెట్టాం. అది మా పొరపాటు. పన్నెండు గంటల ఇసుక మీద చెప్పులున్నా కాళ్లు కాలాయి, సగం దూరం వెళ్లాక ఒక చేపలాయన బండి ఆపి, "అమ్మాయిగారూ, పాపను ఈ ఎండలో నడిపిస్తారేంటండి," అని కోప్పడి ఎక్కించుకున్నారు. నది రంగు, సముద్రం రంగు కలవకుండా పక్కపక్కన కొంతదూరం సాగే చోటు అది. ఎక్కువసేపు నిలవలేకపోయాం.

మే 12, 13, అంబాజీపేట

కొబ్బరికి పేరున్న ఊరు. మార్కెట్ వీధిలో కొబ్బరికాయలు కొండల్లా పోసి ఉంటాయి, ఒలిచేవాళ్ల చేతుల వేగానికి లెక్క తప్పుతుంది. పొద్దున్న అన్నయ్య పొట్టిక్కలు తెచ్చాడు. పనస ఆకులను పుల్లలతో గుచ్చి బుట్టగా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసనే సగం రుచి. నాలుగు ఆకులను రెండు పుల్లలతో నీళ్లు కారని గిన్నెగా మార్చే ఆ పని కూడా నా కంటికి అల్లికగానే కనిపించింది.

ఆ రెండు రోజులూ దారం ముట్టుకోలేదు. అమ్మ ఆవకాయ పెట్టింది. యాభై కాయలు నీళ్లలో వేసి కడిగి, ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడిచి, అన్నయ్య టెంకతో సహా కొడుతుంటే, మా అమ్మాయి జీడి తీసి లోపలి పొర ఒలిచి ముక్కలు తుడిచింది. తడి ఉంటే బూజు పడుతుందని అమ్మ ప్రతి ముక్కనూ మళ్లీ చూసింది. ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, పప్పునూనె పోసి, మూడోనాడు తిరగకలిపే జాడీ చుట్టూ ఇల్లంతా తిరుగుతుంది. ఆ చేతులతో తెల్ల దారం పట్టుకుంటే తెలుపు మిగలదు. కొలతకు నా అల్లిక సంచీలోని పాత గిన్నె కావాలని అమ్మ అడిగి తీసుకుని, ఆవపిండి చేత్తోనే మళ్లీ సంచీలో పెట్టింది. నేను ఇప్పుడు వాసన చూస్తున్నది ఆ చేతిదే.

రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు, సీతారామపురం బిందె గుడ్డ సంగతి చెప్పాను. అమ్మ కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత తన పెళ్లికి ముందు తాను కూడా రెండేళ్లు ఏజెంటు దారంతో పువ్వులు అల్లానని, తాతయ్యకు తెలియకుండా అల్లి ఆ డబ్బుతో తమ్ముడికి పరీక్ష ఫీజు కట్టానని చెప్పింది. నలభై రెండేళ్ల నాకు ఆ మాట మొదటిసారి తెలిసింది. నీకు వచ్చా అయితే అంటే, చీకట్లోనే నా చేతిలోంచి సూది తీసుకుని గొలుసు వేసింది. చేయి మరిచిపోలేదు.

మే 14, బండారులంక

అమలాపురం పక్కనున్న ఈ నేతగాళ్ల ఊళ్లో దారం దొరకకపోదని అన్నయ్య అన్నాడు. కాలువగట్టు మీదుగా దగ్గర దారి అని బండి మీద బయలుదేరి, రెండు గట్లు చీలే చోట ఎండిన కాలువలో ఏది పెద్దదో పోల్చుకోలేక తప్పు గట్టు పట్టాం. మూడు కిలోమీటర్లు పోయాక ఒక కొబ్బరితోటలో దారి ఆగిపోయింది. అక్కడ కొబ్బరి పీచు తాడు పేనుతున్న ఆడవాళ్లు వెనక్కి తిప్పి పంపారు. ఒకామె చక్రం తిప్పుతుంటే మరొకామె నడుముకు పీచు కట్టుకుని వెనక్కి నడుస్తూ పోగు సాగదీస్తోంది. నేను దిగి చూస్తూ నిలబడిపోతే అన్నయ్య హారను కొట్టాల్సి వచ్చింది.

బండారులంకలో ఒక గుంట మగ్గం దగ్గర కూర్చున్నాం. నేసే ఆయన కాళ్లు గోతిలో, చేతులు నాడె (అడ్డపోగును నడిపే సాధనం) మీద. పడుగు (నిలువు పోగుల వరస) ఎంత నాజూకు పోగుతో ఉందంటే ఊపిరి తగిలినా తెగుతుందేమో అనిపించింది. నూలు నాకు అమ్ముతారా అంటే ఆయన నవ్వి, ఇది కూడా లెక్కదేనమ్మా అన్నారు. మాస్టర్ వీవర్ నూలు ఇస్తాడు, చీర తీసుకుని కూలి ఇస్తాడు. నరసాపురంలో విన్న మాటే ఇక్కడా వినడంతో నేను మౌనంగా ఉండిపోయాను. మగ్గం ఆపి ఆయనే వీధి చివర నూలు కొట్టు చూపించి, నూలు ఎలా కొనాలో ఓపికగా చెప్పారు.

చిలప అంటే 840 గజాలు. పౌండు బరువుకు ఎన్ని చిలపలు తూగితే అది అన్నో నంబరు నూలు. కనుక నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. ఆయన నేసేది 80 నంబరు, గ్రాముకు 135 మీటర్ల దాకా వస్తుంది. కొక్కెం సూదికి అది సాలెగూడే. 40 నంబరు తీసుకుని, రాట్నం మీద ఆరు పోగులు కలిపి పురి వేసుకుంటే లేసు దారం మందానికి దగ్గరగా వస్తుందని ఆయన సలహా. కొట్లో తెల్లది కిలో, పసుపూ ఎరుపూ అరకిలో చొప్పున కొన్నాను. మొత్తం 980 రూపాయలు. కొట్టాయన ఇంత నూలుతో ఏ మగ్గం నడుపుతారని అడిగితే, మా అమ్మాయి ముందుకు వచ్చి "మా అమ్మ చేతి మగ్గమండి" అంది. ఆయన మెచ్చుకుని నాలుగు కండెలు ఊరికే ఇచ్చారు.

ఎరుపు నూలు రంగు గట్టిదేనని చెప్పారు గాని, అమ్మ ఇంట్లో ఒక చిలప తడిపితే బకెట్టు నీళ్లు దానిమ్మ రసమయ్యాయి. ఉప్పునీళ్లలో రెండుసార్లు నానబెట్టినా ఆగలేదు. తెలుపుతో కలిపి ఉతకకముందే చూసుకోవడం మంచిదయింది. ఆ ఎరుపు విడిగానే వాడుకోవాలి.

మే 15, ఆత్రేయపురం మీదుగా

పి.గన్నవరంలో వైనతేయ గోదావరి మీది అక్విడక్ట్ దగ్గరికి వచ్చేసరికి, దానికి డొక్కా సీతమ్మగారి పేరు ఎందుకు పెట్టారని మా అమ్మాయి అడిగింది. నూరేళ్లకు ముందు ఈ లంకల్లో ఆకలితో వచ్చినవారికి వేళకాని వేళలో కూడా వండిపెట్టిన ఇల్లాలని అన్నయ్య చెప్పాడు. కింద నది, పైన కాలువ, కాలువలో మాత్రం నీళ్లు లేవు. జూన్‌లో వదులుతారు.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసేచోట అరగంట ఉన్నాం. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పలచని బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను రేకులు తీసే ఆవిడ కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే, లెక్కపెట్టి ఐదు ఊపిర్లలో రేకు లేస్తుంది. ఆ గుడ్డ ఎలాంటిదని అడిగితే, పాత నేత పంచె ముక్కే కావాలి, మిల్లు గుడ్డకు పిండి సమంగా పట్టదని చెప్పారు. బెల్లం, నెయ్యి వేసినవి రెండు డబ్బాలు కొని, ధవళేశ్వరం ఆనకట్ట దాటి రాజమండ్రిలో రైలెక్కాం.

ఇంటికి వచ్చిన మర్నాడే రాట్నం లేకపోతే చేతి తకిలీ మీదే ఆరు పోగులు కలిపి చూశాను. బిగువు వదిలి, చేయి తేలికగా పట్టి, మొదటి పువ్వు అల్లడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. నాలుగంగుళాలకు అర అంగుళం తక్కువ వచ్చింది. కొసలు కత్తిరించి చెత్తబుట్టలో వేయబోతుంటే మా అమ్మాయి చేయి పట్టుకుంది. పూతరేకుల డబ్బా ఒకటి ఖాళీ చేసి కడిగి ఆరబెట్టి, అందులో వేస్తోంది. నిన్నటికి ముప్పై ఏడు ముక్కలయ్యాయి. బిందె మూత గుడ్డకు ఎన్ని కావాలో సీతారామపురం ఆవిడను అడగలేదేమని నన్ను రెండుసార్లు నిలదీసింది.